చదరపు అడుగు ధరలో కనిపించని తరుగు

తిరుపతి, చిత్తూరు: తరుగు ఎంతో తేల్చుకోకుండా బెల్లం బేరం చేసే వర్తకుడు చిత్తూరు మండీలో కనిపించడు. వేరుశనగ కాయలు కొనేవాడు గింజ దిగుబడి చూస్తాడు. మామిడి కొనేవాడు గుజ్జు ఎంత వస్తుందో అంచనా కడతాడు. అదే వర్తకుడు సొంత ఇల్లో, లాడ్జియో, ఆఫీసో కట్టుకునేటప్పుడు మాత్రం అద్దాల కొట్టుకు వెళ్ళి 'అడుగు ఎంత?' అని ఒక్క ప్రశ్న వేస్తాడు. నాలుగు కొట్లు తిరిగి, తక్కువ చెప్పిన చోట అడ్వాన్సు ఇచ్చి వస్తాడు. పని పూర్తయ్యేసరికి బిల్లు అంచనాను మించిపోతుంది. అద్దానికీ తరుగు ఉన్నదనీ, అది చదరపు అడుగు ధరలో కనిపించదనీ అప్పటికి గాని తెలిసిరాదు.

ఈ పొరపాటు వలన నష్టపోయేది కొనుగోలుదారు ఒక్కడే కాదు. తక్కువ ధర చెప్పి ఆర్డరు పట్టిన దుకాణదారు తర్వాత అదనపు పద్దులు చూపితే పేచీ మొదలవుతుంది, బాకీ నిలిచిపోతుంది. పద్దులు చూపకపోతే ఆ ఖర్చు అతని లాభంలోంచే పోతుంది. కాబట్టి అద్దాల లెక్క ఏమిటో అమ్మేవాడికీ, కొనేవాడికీ ఒకే విధంగా తెలిసి ఉండడం ఇద్దరికీ మేలు.

సరుకు వచ్చే దారి

కిటికీ అద్దంలో దాదాపు 72 శాతం సిలికా. మిగిలినదానిలో ముఖ్యమైనవి సోడా, సున్నం. గాజు కర్మాగారాలకు వెళ్ళే సిలికా ఇసుకకు గూడూరు ప్రాంతంలోని చిల్లకూరు, కోట మండలాలు పేరుపొందినవి. ఇసుక మన తీరంలో ఉన్నా, అద్దం మాత్రం బయటి కొలిమి నుంచే రావాలి. చెన్నై సమీపంలోని శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ కర్మాగారం 2000లో ఉత్పత్తి ప్రారంభించింది. తిరుపతి నుంచి అది వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దూరం. చెన్నై, బెంగుళూరు రెండు నగరాలకూ రోడ్డు దారి ఉన్న చిత్తూరుకు రెండు వైపుల నుంచీ సరుకు తెప్పించుకునే వీలున్నది.

అంతకు ముందు కిటికీలకు వాడింది సాగదీసి తీసిన షీటు గ్లాసు. దానిలోంచి చూస్తే ఎదుటి గోడ వంకరగా కనిపించేది. కరిగిన గాజును కరిగిన తగరంపై తేలియాడించి సమంగా పరచుకునేలా చేసే ఫ్లోటు పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. మన దేశంలో ఫ్లోటు గ్లాసు ఉత్పత్తి 1990లలో ఊపందుకున్నది.

వ్యాపారులు గుర్తుంచుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. 1,500 డిగ్రీలకు పైగా వేడితో నడిచే ఈ కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆపరు. గిరాకీ మందగించినా గాజు వస్తూనే ఉంటుంది. అందువలన దేశంలో సరుకు ఎక్కువైతే ధర మెత్తబడుతుంది. ఇంధనం, సోడాయాష్ ధరలు పెరిగితే బిగుస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత సహజవాయువు ధర ప్రపంచమంతటా ఎగబాకిన సంగతి తెలిసిందే. తిరుపతిలో నాలుగు లాడ్జీలు ఎక్కువ లేచినంత మాత్రాన ఈ ధర కదలదు. బెల్లం, చింతపండు మాదిరిగా అద్దాన్ని గోదాములో నిల్వవేసి ధర కోసం ఎదురుచూడడం అందరికీ కలిసివచ్చే వ్యాపారం కాదు.

ఒక్క అంగుళం ఖరీదు

తరుగులో మొదటిది కోతలో పోయేది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల షీటు అనుకుందాం. అంటే 72 అంగుళాలు, 48 అంగుళాలు. ఇంటికి 12 పలకలు కావాలి. ఒక్కొక్కటి ఇరవైమూడున్నర అంగుళాల వెడల్పు, 46 అంగుళాల ఎత్తు. షీటుకు మూడు పలకలు వస్తాయి. నాలుగు షీట్లు, అనగా 96 చదరపు అడుగులు తీసుకుంటే పని అయిపోతుంది.

మేస్త్రీ కిటికీని ఒక్క అంగుళం పెంచి, పలక వెడల్పు ఇరవైనాలుగున్నర అంగుళాలు అయిందనుకుందాం. ఇప్పుడు షీటుకు రెండు పలకలే వస్తాయి. 12 పలకలకు ఆరు షీట్లు, అనగా 144 చదరపు అడుగులు కావాలి. కిటికీలకు నిజంగా పట్టే అద్దం నాలుగు చదరపు అడుగులు కూడా పెరగలేదు. కొనవలసిన అద్దం మాత్రం 48 చదరపు అడుగులు పెరిగింది. ధర ఏ మాత్రమైనా కానివ్వండి, ఖర్చు ఒకటిన్నర రెట్లు అవుతుంది. మిగిలిన ముక్కలు వెంటిలేటర్లకు పనికివస్తే కొంత తిరిగి దక్కుతుంది. లేకపోతే అవి కొట్టు మూలకు చేరతాయి.

కనుక కిటికీల కొలతలు ఖాయం చేసే ముందే, ఊళ్ళో ఏ సైజు షీట్లు దొరుకుతున్నాయో అద్దాల వర్తకుణ్ణి అడగాలి. ప్లానుపై అర అంగుళం సవరించడానికి పైసా ఖర్చు కాదు. గోడ లేచిన తర్వాత అదే అర అంగుళం డబ్బు అడుగుతుంది.

రెండవ తరుగు బిల్లు రాసే పద్ధతిలో ఉన్నది. కొలతను పై అంకెకు సవరించి లెక్కకట్టడం ఈ వ్యాపారంలో అలవాటు. 31 అంగుళాలు, 61 అంగుళాల పలక అసలు వైశాల్యం 13.13 చదరపు అడుగులు. మూడు అంగుళాల లెక్కకు సవరిస్తే అది 33, 63 అవుతుంది. బిల్లు 14.44 అడుగులకు పడుతుంది. ఆరు అంగుళాల లెక్కకు సవరిస్తే 36, 66 అవుతుంది. అప్పుడు బిల్లు పదహారున్నర అడుగులకు. మొదటి పద్ధతిలో దాదాపు పది శాతం, రెండవ పద్ధతిలో పాతిక శాతం అదనం. అడుగుకు రెండు రూపాయలు తక్కువ చెప్పిన దుకాణం ఏ అంకెకు సవరిస్తున్నదో తెలియకపోతే ఆ రెండు రూపాయలకు అర్థం లేదు. కోతలో మిగిలేది వర్తకుడు భరించాలి గనుక ఈ అలవాటులో అన్యాయమేమీ లేదు. ముందుగా చెప్పకపోవడంతోనే చిక్కు వస్తున్నది.

మందం పెరిగితే బరువు

ఒక చదరపు మీటరు అద్దం, మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే చాలా లెక్కలు తేలికవుతాయి. 5 మి.మీ. అద్దం వెయ్యి చదరపు అడుగులు 1,160 కిలోల చిల్లర. 12 మి.మీ. అద్దం అదే వెయ్యి అడుగులు దాదాపు 2,790 కిలోలు. లారీ బాడుగ, హమాలీ కూలి బరువును బట్టి నడుస్తాయి గాని చదరపు అడుగును బట్టి నడవవు.

ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గల 12 మి.మీ. తలుపు ఒక్కటే 58 కిలోలు దాటుతుంది. ఆ బరువుకు తగిన ఫ్లోర్ స్ప్రింగు, ప్యాచ్ ఫిట్టింగులు వేయాలి. అద్దంలో ఖర్చు పెట్టి, స్ప్రింగులో ఆదా చేసిన తలుపు కొద్దికాలానికే వాలిపోయి నేలకు రాసుకుంటుంది. ఇక మందం తక్కువైన సరుకును చదరపు అడుగు లెక్కన అమ్మితే తేడా కంటికి ఆనదు. సరుకు దించుకునేటప్పుడు నాలుగు షీట్లకు వెర్నియరు పెట్టి చూసుకోవడం మంచిది. ఫ్లోటు గ్లాసుకు ఐ.ఎస్. 14900 అనే భారత ప్రమాణం ఉన్నది. బిల్లులో ఆ అంకె, మందం రెండూ రాయించుకుంటే తర్వాత మాట తేడా రాదు.

ఎక్కడ ఏ అద్దం

మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పెద్ద ముక్కలవుతుంది. దానినే 600 డిగ్రీలకు పైగా వేడిచేసి గాలితో చటుక్కున చల్లబరిస్తే టఫన్డ్ గ్లాసు అవుతుంది. అదే మందం గల మామూలు అద్దం కంటే ఇది నాలుగైదు రెట్లు గట్టిది. పగిలితే చిన్న చిన్న మొద్దు పలుకులుగా రాలిపోతుంది. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంచి అతికించినది ల్యామినేటెడ్ గ్లాసు. పగిలినా ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి. ఈ రెండింటినీ భద్రతా అద్దాలంటారు. వీటి ప్రమాణం ఐ.ఎస్. 2553.

ఇంట్లో పడకగది కిటికీకి, వంటింటి కిటికీకి, స్నానాలగది వెంటిలేటరుకు మామూలు అద్దమో, గరుకు అద్దమో సరిపోతుంది. అక్కడ టఫన్డ్ వేయడం చాలాచోట్ల అనవసరపు ఖర్చు. అయితే తలుపులు, తలుపు పక్క పలకలు, నేల వరకు దిగిన కిటికీలు, స్నానాల గదిలోని అద్దపు మరుగులు, మెట్ల కటకటాలు, ఇవన్నీ మనిషి తగిలే చోట్లు. అక్కడ భద్రతా అద్దం తప్పదు. నెత్తిమీద వేసే అద్దపు కప్పుకు ల్యామినేటెడ్ మేలు. టఫన్డ్ ఒక్కటే వేస్తే, పగిలిన రోజున పలుకులన్నీ కింద ఉన్నవారిపై కురుస్తాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లోనూ, ఐ.ఎస్. 16231 నాలుగవ భాగంలోనూ ఈ విషయాలకు వివరమైన నిబంధనలు ఉన్నవి.

తిరుపతిలో ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి ఉన్నది. లాడ్జి ముందు హాలులోకి తెల్లవారుజామునే పిల్లలతో, సామానుతో యాత్రికులు గుంపుగా వస్తారు. శుభ్రంగా తుడిచిన అద్దపు తలుపు నిద్రకళ్ళకు కనిపించదు. కంటి ఎత్తున ఒక గీతో, బొమ్మో అంటించడానికి అయ్యే ఖర్చు స్వల్పం. అక్కడ మామూలు అద్దం వేసి మిగుల్చుకునే సొమ్ము ఒక్క ప్రమాదంతో ఆవిరి అవుతుంది, పోయిన మనిషి తిరిగిరాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు లోపం వలన కలిగే హానికి తయారీదారుతో పాటు, కొన్ని సందర్భాలలో అమ్మినవారినీ బాధ్యులను చేస్తున్నది. 'ఖరీదుదారు అదే అడిగాడు' అన్న జవాబు చాలకపోవచ్చు. ఎక్కడ వాడతారో అడిగి, ఆ సంగతి బిల్లులో రాయడం దుకాణదారుకు రక్షణ.

టఫన్డ్ విషయంలో మరో జాగ్రత్త. ఒకసారి కొలిమిలోంచి బయటికి వచ్చాక దానిని కోయడానికీ, రంధ్రం వేయడానికీ వీలుండదు. అర అంగుళం ఎక్కువైనా ఆ పలక మొత్తం వృథా. గోడల పూత, నేల బండలు పూర్తయి, ఫ్రేము బిగించిన తర్వాతే కొలత తీయాలి. కొలత తీసిన వ్యక్తి కాగితంపై సంతకం చేయాలి. తప్పు ఎవరిదో తేలకపోతే ఆ తరుగు ఇద్దరి మధ్య తగవు అవుతుంది.

పడమటి ఎండ పద్దు

ఆఫీసులకు, షోరూములకు ముందువైపు మొత్తం అద్దం వేయడం వాడుకైంది. రాయలసీమ ఎండలో దీనికి వేరే లెక్క ఉన్నది. వేసవి సాయంకాలం పడమటి ఎండ తీవ్రంగా తగిలే వేళ, మామూలు తెల్ల అద్దం సుమారు 70 చదరపు అడుగులు లోపలికి వదిలే వేడిని లాగివేయడానికే ఒక టన్ను ఏ.సి. సామర్థ్యం పడుతుంది. అద్దం ఖర్చు ఒకసారిది, కరెంటు బిల్లు నెలనెలా వచ్చేది. వేడిని తగ్గించే పూత గల అద్దం ధర ఎక్కువైనా, పడమర, దక్షిణ దిక్కుల్లో ఆ తేడా తిరిగి రావచ్చు. ఉత్తరం వైపు అంత ఖరీదైన సరుకు అక్కరలేదు. కిటికీ పైన రెండడుగుల సజ్జా వేస్తే దక్షిణపు ఎండకు అది చాలావరకు అడ్డుకట్ట. వాలిన పడమటి ఎండకు మాత్రం సజ్జా చాలదు.

పూత గల అద్దాన్ని తిప్పి బిగిస్తే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కదు. ఏ వైపు బయటికి ఉండాలో కంపెనీ కాగితం చూసి అమర్చాలి. 100 కిలోవాట్లకు మించిన లోడు గల వ్యాపార భవనాలను దృష్టిలో ఉంచుకుని రూపొందించిన ఇంధన పొదుపు నియమావళి 2017, గోడ వైశాల్యంలో అద్దం 40 శాతం మించరాదని చెబుతున్నది. పెద్ద లాడ్జీలు, ఆసుపత్రులు కట్టేవారు ప్లాను దశలోనే ఈ అంకెను ఇంజనీరుతో సరిచూసుకోవాలి.

వానలు, ముహూర్తాలు

ఈ ప్రాంతానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగినది ఎవరూ మరచిపోలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను కూడా ఈ వైపు వానలు కుమ్మరించింది. ఆ నెలల్లో కట్టడం దగ్గర అద్దాలు దించి ఉంచడం నష్టదాయకం. షీట్ల మధ్య తడి నిలిస్తే కొన్నాళ్ళకు రంగురంగుల మచ్చలు తేలతాయి. ముదిరినవి ఎంత తుడిచినా పోవు. అద్దాలను పడుకోబెట్టక, చెక్క ఆధారంపై కాస్త వాల్చి నిలబెట్టాలి. షీటుకూ షీటుకూ మధ్య కాగితం ఉండాలి. పై అంతస్తులలో పెద్ద పలకలకు మందం నిర్ణయించేటప్పుడు గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అది ఇంజనీరు పని, కొట్టులో నోటిమాటగా తేల్చేది కాదు.

అద్దం పని అన్నిటికన్నా చివర వచ్చేది కావడంతో తొందరంతా దానిమీదే పడుతుంది. మాఘంలోనో, వైశాఖంలోనో గృహప్రవేశానికి లగ్నం పెట్టుకుని, పది రోజుల ముందు టఫన్డ్ ఆర్డరు ఇస్తే కొలిమి ఉన్న యూనిట్లు ఆ ముహూర్తం కోసం ఆగవు. అత్యవసర రవాణాకు విడిగా చిన్న లారీ కట్టుకుంటే ఆ బాడుగ అద్దం ధరపై మరో తరుగు. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు. తొందర లేని ఆ నెలలో ఆర్డరు పెట్టగలిగినవారికి బేరమాడే వ్యవధి దొరుకుతుంది.

పన్ను సంగతి

వస్తు సేవల పన్ను వచ్చిన కొత్తలో అద్దాలపై 28 శాతం ఉండేది. 2017 నవంబరు 15 నుంచి అది 18 శాతానికి దిగింది. లక్ష రూపాయల సరుకుకు పన్నే 18 వేలు. అడుగు ధర పన్నుతో కలిపి చెప్పారా, విడిగా చెప్పారా అన్నది మొదటే తేలాలి. వ్యాపారి తన సొంత లాడ్జికో, ఆఫీసుకో కట్టే పన్నును ఇన్‌పుట్ క్రెడిటుగా తిరిగి పొందవచ్చునని కొందరు అనుకుంటారు. సొంతానికి కట్టుకునే స్థిరాస్తి నిర్మాణానికి ఆ క్రెడిటును చట్టంలోని 17(5) సెక్షను అడ్డుకుంటున్నది. 2024 అక్టోబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు కొందరికి ఆశ కల్పించినా, 2025 ఆర్థిక చట్టం 2017 జులై నుంచే వర్తించేలా ఆ సెక్షను మాటను సవరించింది. కాబట్టి పన్నును ఖర్చు కిందనే వేసుకుని అంచనా కట్టడం క్షేమం. విప్పి మరోచోటికి మార్చుకునే పార్టిషన్ల విషయం ఆడిటరును అడిగి తేల్చుకోవాలి.

కొటేషనులో ఉండవలసినవి

అద్దాల కొటేషను ఒక్క అంకెతో వస్తే దానిని వెనక్కి పంపి, పద్దులవారీగా అడగాలి. సరుకు రకం, మందం, ప్రమాణం ఒక పద్దు. అంచు పాలిషు, రంధ్రాలు, మూలల కోత మరొకటి. ఫ్రేము, దాని తూకం. స్ప్రింగు, హ్యాండిలు, తాళం. రబ్బరు బీడింగు, సిలికాన్. బాడుగ, దింపుడు కూలి, బిగింపు కూలి. పన్ను. వీటితో పాటు రెండు షరతులు కాగితంపై ఉండాలి. కొలత ఏ అంకెకు సవరిస్తారు? దారిలో గానీ, దించేటప్పుడు గానీ, బిగించేటప్పుడు గానీ పగిలితే ఎవరి ఖాతా?

ఇలా రాయించుకున్న రెండు కొటేషన్లను పక్కపక్కన పెట్టి చూస్తే, అడుగు ధర ఎక్కువ చెప్పిన దుకాణమే మొత్తం మీద చౌక అని తేలే సందర్భాలు ఉంటాయి. కాగితం ఇచ్చిన వర్తకుడికి బాకీ వసూలులో పేచీ తగ్గుతుంది. మండీలో తరుగు ముందే మాట్లాడుకున్న బేరం సాయంత్రానికి సజావుగా ముగుస్తుంది. అద్దాల బేరానికీ అదే పద్ధతి వర్తిస్తుంది.